కాగితాన్ని నమ్మిన శాస్త్రజ్ఞుడు: హెన్రీ ఫాక్స్ టాల్బట్

తెలుగువారు నిత్యం వాడుకొనే కాగితమన్న మాట, ఉర్దూలోని కాగజ్ అన్న మాట ఒక తల్లి బిడ్డలు. చదువుకొన్న ప్రతి ఇంటా కాగితం ఉన్నది. దానిమీద వ్రాయవచ్చు, అచ్చు వేయవచ్చు, బొమ్మ గీయవచ్చు. అయితే వెలుతురు చేతనే కాగితం మీద చిత్రం గీయించి, ఆ ఒక్క చిత్రం నుండి ఎన్ని ప్రతులనైనా తీయవచ్చునని లోకానికి చూపినవాడు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అనే ఆంగ్లేయుడు. ఛాయాచిత్రానికి ఎటువంటి కాగితాన్ని ఎన్నుకోవలె, దానిమీది బొమ్మ ఎంతకాలం నిలుస్తుంది అనే రెండు ప్రశ్నలు ఆయనను నలభై సంవత్సరాలకు పైగా వెంబడించినవి. నేడు నలుపు తెలుపు చిత్రాలను ఇంక్‌జెట్ యంత్రం మీద ముద్రించుకొనేవారు కూడా ఈ ప్రశ్నలనే వేసికొంటున్నారు. అందువల్ల ఆ మహనీయుని జీవితాన్ని ఒకసారి స్మరించుకోవడం మనకు ఆనందమే కాదు, ప్రయోజనం కూడా.

టాల్బట్ 1800 ఫిబ్రవరి 11వ తేదీన ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతంలో మెల్బరీ అనే చోట, తన తల్లి పుట్టింట జన్మించినాడు. ఆయన అయిదు నెలల పసికందుగా ఉండగానే తండ్రి మరణించినాడు. వారసత్వంగా రావలసిన లేకాక్ అబీ అనే భవనం, దాని భూములు అప్పులలో మునిగి ఉన్నవి. ఆ భవనం 13వ శతాబ్దంలో క్రైస్తవ సన్న్యాసినుల కోసం కట్టిన మఠం. తల్లి లేడీ ఎలిజబెత్ విద్యావతి, కార్యదక్షురాలు. ఆమె మరల వివాహమాడి, ఆస్తిని చక్కదిద్ది, కుమారుని చదువును స్వయంగా కనిపెట్టి చూచినది. తండ్రిలేని ఆ పిల్లవానికి తల్లి పట్టుదలే మొదటి ఆస్తి అయినది.

హారో పాఠశాలలోను, తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని ట్రినిటీ కళాశాలలోను టాల్బట్ విద్యాభ్యాసం సాగినది. గ్రీకు పద్యరచనకు ఇచ్చే పోర్సన్ బహుమతిని 1820లో అందుకొన్నాడు. మరుసటి సంవత్సరమే గణితశాస్త్ర పరీక్షలో 12వ రాంగ్లర్‌గా నిలిచినాడు. ఒకే విద్యార్థి భాషలోను, గణితంలోను ఇంతటి ప్రతిభ చూపడం అరుదు. 1831లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికైనాడు. 1832 డిసెంబరులో కాన్‌స్టన్స్ మండీ అనే యువతిని వివాహమాడినాడు. ఆ ఏడే చిప్పెన్‌హామ్ నియోజకవర్గం నుండి పార్లమెంటుకు ఎన్నికై రెండేళ్ల పాటు ఆ పదవిలో ఉన్నాడు. కాని రాజకీయం ఆయనను పట్టి ఉంచలేకపోయినది.

1833 అక్టోబరులో ఆయన భార్యాసమేతంగా ఇటలీలోని కోమో సరస్సు తీరాన విడిది చేసినాడు. కళ్లెదుట సుందర దృశ్యం. వెంట వచ్చినవారు చక్కగా బొమ్మలు గీస్తున్నారు. టాల్బట్‌కు మాత్రం చేయి తిరగలేదు. కాగితం మీద దృశ్యపు నీడను చూపి చిత్రలేఖనానికి సాయపడే కామెరా లూసిడా అనే పరికరం కూడా ఆయనకు అక్కరకు రాలేదు. పరికరంలో నుండి కన్ను తీయగానే కాగితం మీద మిగిలినవి వంకరటింకర గీతలే. ఆ నిస్పృహ లోనుండి ఒక ఆలోచన పుట్టినది. కటకం గుండా వచ్చి కాగితం మీద పడే ప్రకృతి ప్రతిబింబం దానంతట అదే అక్కడ ముద్రపడి ఎందుకు నిలిచిపోకూడదు? చేతకానితనాన్ని దాచుకొనక దానినే పరిశోధనకు మొదటి మెట్టుగా చేసికొనడం ఆయన గొప్పదనం.

స్వదేశం చేరిన పిమ్మట 1834 ప్రారంభంలో ప్రయోగాలకు పూనుకొన్నాడు. వెండి లవణాలు వెలుతురు తగిలితే నల్లబడతాయని శాస్త్రజ్ఞులకు అప్పటికే తెలుసు. వాటిని దేనిమీద నిలపవలె అన్నది ప్రశ్న. టాల్బట్ ఎన్నుకొన్నది మేలురకపు వ్రాత కాగితం. గట్టిగా, నునుపుగా ఉన్న కాగితాన్ని పలుచని ఉప్పునీటిలో ముంచి తుడిచి, ఉప్పు అంతటా సమంగా పట్టేటట్లు చేసేవాడు. దానిమీద ఒక వైపు మాత్రమే సిల్వర్ నైట్రేట్ ద్రావణం పూసి నిప్పు సెగకు ఆరబెట్టేవాడు. ఆకునో జరీ అల్లికనో ఆ కాగితం మీద పెట్టి ఎండలో ఉంచితే దాని నీడ పడినచోట తెల్లగా, మిగిలినచోట నల్లగా ముద్ర పడేది. ఉప్పు తక్కువైనచోట కాగితం వెలుతురుకు త్వరగా నల్లబడుతున్నదనీ, ఉప్పు మిక్కిలి ఎక్కువైతే వెలుతురును లెక్కచేయకుండా ఉంటున్నదనీ ఆయన గమనించినాడు. అందుచేత మొదట తక్కువ ఉప్పుతో కాగితాన్ని సిద్ధంచేసి, బొమ్మ పడిన తరువాత చిక్కని ఉప్పునీటితో దానిని నిలపసాగినాడు. వంటింటిలోని ఉప్పే పనికి ఆది, పనికి అంతం అయినది.

1835 ఆగస్టులో చిన్న చిన్న కొయ్యపెట్టెలకు కటకాలు అమర్చి భవనం చుట్టూ ఉంచినాడు. భార్య వాటిని ఎలుకబోనులని హాస్యమాడేది. ఆ వేసవిలో లేకాక్ భవనపు గవాక్షం ఒకటి తపాలా బిళ్లకన్న కొంచెం పెద్దదైన కాగితం ముక్క మీద ముద్రపడినది. భూతద్దంతో చూస్తే ఆ కిటికీలోని అద్దపు పలకలను రెండు వందల వరకు లెక్కించవచ్చునట. నేటికీ నిలిచి ఉన్న ఛాయాచిత్ర నెగెటివ్‌లలో అత్యంత ప్రాచీనమైనదిగా అది పేరు పొందినది. ఇంతటి విజయాన్ని సాధించి కూడా టాల్బట్ దానిని ప్రకటించలేదు. ఇతర శాస్త్రవిషయాలలో మునిగిపోయినాడు.

ఆ ఆలస్యానికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1839 జనవరి 7వ తేదీన పారిస్‌లో లూయీ డాగేర్ కనిపెట్టిన పద్ధతిని శాస్త్ర పరిషత్తులో ప్రకటించినారు. తన జీవితకృషి ఇతరుల పేరున చెలామణి కాగలదని టాల్బట్ కలవరపడినాడు. అదే నెల 25వ తేదీన లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తన చిత్రాలను ప్రదర్శింపజేసినాడు. 31వ తేదీన రాయల్ సొసైటీలో ఆయన వ్యాసం చదవబడినది. తీరా చూస్తే రెండు పద్ధతులకు పోలికే లేదు. డాగేర్ చిత్రం వెండిపూత గల రాగిరేకు మీద అద్దంలా తళతళలాడేది. అందులోని వివరాల సూక్ష్మత కాగితానికి రాదు. కాని ఆ రేకు ఒక్కటే ప్రతి. దానినుండి మరొక ప్రతి తీసే మార్గం లేదు. టాల్బట్ కాగితంలో స్ఫుటత్వం తక్కువైనా సంతాన శక్తి ఉన్నది. వెలుగునీడలు తారుమారైన మొదటి బొమ్మను మరొక కాగితం మీద ఆనించి ఎండలో ఉంచితే సరియైన బొమ్మ దిగుతుంది. ఇట్లు పదులు, వందలు దించవచ్చు. మిత్రుడు సర్ జాన్ హెర్షెల్ ఈ రెండింటికి నెగెటివ్, పాజిటివ్ అనే పేర్లు పెట్టినాడు. మిగిలిపోయిన వెండి లవణాన్ని కరిగించివేసే హైపో ద్రావణాన్ని సూచించినవాడు కూడా ఆయనే.

1840 సెప్టెంబరులో టాల్బట్ మరొక అద్భుతాన్ని చూచినాడు. సిల్వర్ అయొడైడ్ గల కాగితం మీద కంటికి కనిపించనంత స్వల్పంగా వెలుతురు తగిలినా, గాలిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పూస్తే దాగి ఉన్న బొమ్మ మెల్లగా పైకి తేలి వస్తున్నది. కామెరా ఎదుట ఎంతో సేపు పట్టే పని ఒకటి రెండు నిమిషాలకు దిగినది. ఈ పద్ధతికి కాలోటైప్ అని పేరిడి, 1841 ఫిబ్రవరిలో పేటెంటు పొందినాడు. మరుసటి సంవత్సరం రాయల్ సొసైటీ ఆయనకు రమ్‌ఫర్డ్ పతకం ఇచ్చి గౌరవించినది.

ఇక్కడ కాగితపు సంగతి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. నెగెటివ్ గుండా వెలుతురు దూరి పోవలె. కనుక కాగితపు పైభాగం మాత్రమే బాగుంటే చాలదు, లోపలి ప్రతి పీచూ పరీక్షకు నిలువవలె. పాత పద్ధతి కాగితాలలో అచ్చు తీగల చారలు ఉంటాయి. అవి నెగెటివ్‌లో గీతలై బొమ్మను పాడుచేస్తాయి. తయారీదారు పేరు, సంవత్సరం తెలిపే నీటిగుర్తు ఆకాశం నడుమ పడితే ఇక చెప్పనక్కరలేదు. ఆ రోజులలో కాగితాన్ని నార, నూలు గుడ్డపేలికల నుండి చేసేవారు. పేలికలతో వచ్చిన గుండీ ముక్కో, ఇనుప రజనో గుజ్జులో మిగిలిపోతే వెండి లవణం తగలగానే అక్కడ నల్లమచ్చ పుట్టేది. కెంట్ ప్రాంతంలో మెయిడ్‌స్టోన్ సమీపాన ఉన్న టర్కీ మిల్లు కాగితం, వాట్‌మన్ అనే నీటిగుర్తు గలది, చారలు లేని నునుపైన నేతవల్ల టాల్బట్‌కు ఎక్కువ నచ్చినది. కాలోటైప్ పనివారు ఒక్కొక్క కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూచి, మచ్చలున్నవాటిని తీసివేసి, మంచి వైపున గుర్తుపెట్టుకొనేవారు.

కాగితానికి పట్టించే జిగురు కూడా ముఖ్యమే. కాతిబులు కలం సాఫీగా సాగడానికి కాగితానికి గంజితోనో గుడ్డుసొనతోనో ఆహార్ పట్టించి, నునుపురాయితో మెరుగుపెట్టడం ఉర్దూ విద్యార్థులు ఎరిగినదే. అది లేని కాగితం సిరాను పీల్చి అక్షరాన్ని చెదరగొడుతుంది. ఇంగ్లీషు కాగితాలకు జెలటిన్, ఫ్రెంచి కాగితాలకు పిండిగంజి, రాళ్ల సర్జరసం వంటివి పట్టించేవారు. జిగురు మారితే బొమ్మ రంగే మారేది. ఒక దానిమీద ఎర్రని గోధుమరంగు, మరొక దానిమీద ఊదా ఛాయ. కాగితం బొమ్మను మోసే పీఠం మాత్రమే కాదనీ, బొమ్మలో అది కూడా ఒక పాలుదారనీ ఆ తొలి పనివారు అనుభవపూర్వకంగా గ్రహించినారు.

ఛాయాచిత్రాన్ని పుస్తకంలోకి తేవాలన్నది టాల్బట్ ఆశయం. ఆయన సేవకుడుగా ఉండి శిష్యుడుగా మారిన నికోలాస్ హెన్నెమన్ అనే డచ్చి జాతీయుడు లండన్‌కు, లేకాక్‌కు నడుమనున్న రెడింగ్ పట్టణంలో ముద్రణాలయం నెలకొల్పినాడు. అక్కడ ఆరుబయట చట్రాలను వరుసగా పేర్చి, ఎండ ఉన్నంతసేపు నెగెటివ్‌ల నుండి ప్రతులు దింపేవారు. వాటిని చేతితో అతికించి టాల్బట్ వెలువరించిన గ్రంథమే పెన్సిల్ ఆఫ్ నేచర్. 1844 నుండి 1846 వరకు ఆరు భాగాలుగా 24 చిత్రాలతో వెలువడిన ఆ పుస్తకం ఛాయాచిత్రాలతో కూడిన వాణిజ్య గ్రంథాలలో మొదటిది.

ఆశ ఫలించిన వేళనే ఆపద దాపురించినది. 1846లో ఆర్ట్ యూనియన్ అనే పత్రిక తన పాఠకులకు ఒక్కొక్క అసలు ఛాయాచిత్రాన్ని అందించదలచినది. వేలకొలది ప్రతులు త్వరత్వరగా తయారుచేయవలసి వచ్చినది. పాతబడిన హైపోను మరల మరల వాడినందువల్ల, నీటితో చాలినంతగా కడగనందువల్ల, బొమ్మలు కొద్దికాలంలోనే పసుపుపచ్చబడి వెలిసిపోయినవి. పెన్సిల్ ఆఫ్ నేచర్ ప్రతులలో కూడ కొన్ని చిత్రాలు అట్లే మసకబారినవి. డాగేర్ లోహపు పలకలు చెక్కు చెదరక నిలిచి ఉండగా, వేలమంది చేతులలో టాల్బట్ పేరుతో ఉన్న కాగితాలు రోజురోజుకు తెల్లబోయినవి. ఒక శాస్త్రజ్ఞునికి ఇంతకన్న బాధాకరమైన పరిస్థితి ఉండబోదు. 1847లో రెడింగ్ ముద్రణాలయం మూతపడినది.

ఆయనపై మరొక నింద కూడ వచ్చినది. పేటెంటు హక్కును గట్టిగా పట్టుకొని ఛాయాచిత్ర కళను ఇంగ్లండులో ఎదగనీయలేదని పలువురు ఆక్షేపించినారు. అందులో కొంత సత్యం లేకపోలేదు. 1852లో ఆయన వృత్తిరీత్యా మనుషుల చిత్రాలు తీసే పనిని మినహాయించి మిగిలిన హక్కులను వదలుకొన్నాడు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన కొలోడియన్ గాజుపలక కూడ తన పేటెంటు కిందికే వస్తుందని వాదించి, 1854లో లారోష్ అనే ఛాయాచిత్రకారునితో వ్యాజ్యమాడి ఓడిపోయినాడు. కాలోటైప్‌ను కనిపెట్టినది టాల్బట్ అని జూరీ అంగీకరించినది గాని, కొత్త పద్ధతి ఆయన హక్కును భంగపరచలేదని తేల్చినది. నెగెటివ్ స్థానం నుండి కాగితం తొలగి గాజు వచ్చినది. ప్రతికి కూడ బ్లాంకార్ ఎవ్రార్ 1850లో ప్రకటించిన గుడ్డుసొన పూత కాగితం వాడుకలోకి వచ్చినది. బొమ్మ పీచులలోకి ఇంకిపోక పైపూతలోనే నిలిచి స్ఫుటంగా కనిపించడం దాని గుణం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ చిత్రాలలో అనేకం ఇటువంటి కాగితం మీద దించినవే. పనిముట్లు మారినవి. ఒక నెగెటివ్, దానినుండి అనేక ప్రతులు అన్న టాల్బట్ సూత్రం మాత్రం మారలేదు.

వెలిసిపోయిన బొమ్మలను చూచి టాల్బట్ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. వెండి నిలవకపోతే నిలిచేది ఏది అని ఆలోచించినాడు. శతాబ్దాల నాటి అచ్చు పుస్తకాలలో సిరా ఇంకా నల్లగానే ఉన్నది. ఆ సిరాకు ప్రాణం మసి, అనగా కర్బనం. మన తాటాకు గ్రంథాలలో గంటపు గీతలను మసి పూసి తేల్చేవారు. పారసీక, ఉర్దూ ప్రతుల వ్రాతగాండ్రు దీపపు మసితో సిరా కలిపేవారు. వెలుతురు కర్బనాన్ని ఏమీ చేయలేదు. అందువల్ల ఛాయాచిత్రాన్ని లోహపు పలక మీద చెక్కి, అచ్చుసిరాతో కాగితం మీద ముద్రించే మార్గాన్ని వెదకినాడు. పొటాసియం డైక్రోమేట్ కలిపిన జెలటిన్ వెలుతురు తగిలినచోట గట్టిపడుతుందన్న గుణాన్ని ఉపయోగించి 1852లోను, మరింత మెరుగుపరచి 1858లోను పేటెంట్లు పొందినాడు. తరువాత 1879లో వియన్నాలో కారెల్ క్లీచ్ రూపొందించిన ఫోటోగ్రవ్యూర్ పద్ధతికి ఆధారం ఈ కృషియే.

ఆ వయస్సులోనే ఆయన అస్సీరియా శాసనాలను చదవడంలో కూడ పేరు గడించినాడు. 1857లో ఒకే శాసనాన్ని నలుగురు పండితులు వేరువేరుగా అనువదించగా, వాటిని రాయల్ ఏషియాటిక్ సొసైటీ పోల్చి చూచినది. ఆ నలుగురిలో టాల్బట్ ఒకడు. అనువాదాలు చాలవరకు కలియడంతో ఆ లిపి రహస్యం విడినదని లోకం నమ్మినది. 1877 సెప్టెంబరు 17వ తేదీన ఆయన లేకాక్‌లోనే కన్నుమూసినాడు. 1944లో ఆయన మనుమరాలు మెటిల్డా టాల్బట్ ఆ భవనాన్ని నేషనల్ ట్రస్టుకు అప్పగించినది. ఆనాటి గవాక్షాన్ని సందర్శకులు నేడు కూడ చూడవచ్చును.

ఇప్పుడు మన కాలానికి వద్దాము. ఇంక్‌జెట్ యంత్రంతో నలుపు తెలుపు చిత్రం ముద్రించేటప్పుడు చేసేది కాగితం మీద సిరా చుక్కలు నిలపడమే. టాల్బట్ చివరిదశలో చేరిన గమ్యం అదే. యంత్రపు సిరాలు రెండు విధాలు. నీటిలో కరిగిన రంగు సిరా మొదట కళగా కనిపించినా వెలుతురుకు త్వరగా వెలుస్తుంది. సన్నని రేణువులు గల పిగ్మెంట్ సిరా ఎక్కువ కాలం నిలుస్తుంది. అందులోని నలుపు కర్బనమే. నలుపుతోపాటు రెండు మూడు బూడిదరంగు సిరాలు గల యంత్రమైతే నీడల మెట్లు సాఫీగా, రంగు కలగకుండా వస్తాయి.

ఇక కాగితం. కలకాలం ఉంచదలచిన చిత్రానికి ఆమ్లం లేని నూలు పీచు కాగితం శ్రేష్ఠం. శుద్ధిచేసిన కలప గుజ్జుతో చేసిన మంచి కాగితం దాని తరువాతది. శుద్ధి లేని కలప గుజ్జు కాగితం వార్తాపత్రిక వలెనే పసుపుబారుతుంది. మెరుపులేని నూలు కాగితం మీద చిత్రం మృదువుగా ఉంటుంది, కంటికి తళుకు కొట్టదు. కాని దానిమీద నలుపు గాఢత కొంత తక్కువ. బేరియం సల్ఫేట్ పూత గల బరైటా కాగితం మీద నలుపు లోతుగా పడుతుంది, చీకటిలోని వివరాలు విడివిడిగా కనిపిస్తాయి. కనుక నీడలే ప్రాణమైన చిత్రానికి బరైటా, పొగమంచు వంటి లేత ఛాయల చిత్రానికి నూలు కాగితం తగునని స్థూలంగా చెప్పవచ్చు. చిన్న చిత్రంలో సన్నని వివరాలుంటే గరుకు కాగితం వాటిని మింగివేస్తుంది. కళ్లు చెదిరే తెలుపు గల కాగితాలలో తరచుగా వెలుగుపెంచే రసాయనాలు కలుపుతారు. అవి ఏళ్లు గడిచేకొద్దీ శక్తి కోల్పోయి, కాగితం తన అసలు రంగుకు వస్తుంది. మొదటినుండి సహజమైన లేత తెలుపు గల కాగితాన్ని ఎన్నుకొంటే ఆ చిక్కు లేదు. కాగితానికి తగిన నల్లసిరాను, తగిన అమరికను యంత్రంలో ఎంచుకోవడం మరువరాదు.

అన్నిటికన్న మేలైన గురువు ప్రయోగం. ఒకే చిత్రాన్ని రెండు మూడు కాగితాల మీద ముద్రించి, ఒక రోజు ఆరనిచ్చి, పగటి వెలుతురులోను, రాత్రి దీపం కింద చూడవలె. ప్రతి ముక్కలో సగాన్ని దళసరి అట్టతో కప్పి ఎండ తగిలే కిటికీలో కొన్ని వారాలు ఉంచవలె. అట్ట తీసినప్పుడు రెండు సగాలకు భేదం కనిపిస్తే ఆ కాగితాన్నో సిరానో వదిలివేయడం మంచిది.

మన ఇళ్ల గోడల మీద తాతముత్తాతల చిత్రాలు పసుపుబారి ఉన్నవి. కొన్నింటిలో ముఖమే పోయి షేర్వానీ గుండీలు, పట్టుచీర అంచు మాత్రం మిగిలి ఉన్నవి. ఆ చిత్రాన్ని చేసిన రోజున ఎవరో కడగవలసినంత కడగలేదు, లేదా చౌకగా వస్తున్నదని ఏదో కాగితాన్ని పుచ్చుకొన్నారు. ఆ చిన్న అశ్రద్ధ ఒక మనిషి రూపాన్ని మనుమల కళ్లకు దూరం చేసినది. టాల్బట్ తన తప్పును తన జీవితకాలంలోనే చూచినాడు. దానిని ఒప్పుకొని, వయస్సు మళ్లినాక కూడ దిద్దుకొనే మార్గం వెదకినాడు. విద్యార్థులు ఆయననుండి నేర్వదగినది ఛాయాచిత్ర విద్య ఒక్కటే కాదు. మనం చేసిన పని మన తరువాత ఎంతకాలం నిలుస్తుందని, పని మొదలుపెట్టే నాడే ప్రశ్నించుకొనే అలవాటు కూడ నేర్వదగినదే.